పక్షవాతం లేదు, ఎముక విరగలేదు. ఉత్త నీరసానికి పెద్దవాళ్లను రిహాబ్ ఆసుపత్రిలో (థెరపీతో మళ్లీ కోలుకునేలా చేసే ఆసుపత్రి) చేరిస్తే ఫలితం ఉంటుందా?

చాలామందికి ఉంటుంది. న్యుమోనియాకో ఆపరేషన్‌కో వారాల తరబడి మంచం పట్టాక వచ్చే ఈ నిస్సత్తువను అమెరికాలో డెబిలిటీ అంటారు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులనే 10 రోజులు మంచం మీద ఉంచితే కాళ్ల కండ దాదాపు కిలో తగ్గిందని 2007లో ఒక అధ్యయనం చూపింది. ఇక జబ్బుపడ్డవాళ్ల సంగతి చెప్పాలా!

అక్కడి రిహాబ్ ఆసుపత్రుల్లో మామూలుగా రోజుకు 3 గంటల చొప్పున వారానికి 5 రోజులు థెరపీ. మంచం అంచున కూర్చోవడం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడం, బాత్రూమ్‌కి వెళ్లి రావడం, చొక్కా తొడుక్కోవడం వంటివి చేయిస్తారు. రోగి సొంతంగా ఎంత చేసుకోగలడో చాలాకాలం 18 పనులకు మార్కులేసే ఎఫ్‌ఐఎమ్ స్కోరుతో కొలిచారు: కనిష్ఠం 18, గరిష్ఠం 126. డిశ్చార్జి నాటికి స్కోరు పెరిగి, ఎక్కువమంది సొంతింటికే వెళ్తారు.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్లకన్నా వీళ్లు మళ్లీ ఆసుపత్రి పాలయ్యేది బాగా ఎక్కువ. నీరసం వెనకున్న గుండె, కిడ్నీ జబ్బులూ ఇన్ఫెక్షన్లూ థెరపీతో పోవు కదా. అందుకే మందుల చీటీ, ఇంట్లో తోడుండే మనిషి ఇక్కడ వ్యాయామమంత ముఖ్యమని నా అభిప్రాయం.

ఇంకో చిక్కు: రిహాబ్ ఆసుపత్రి గుర్తింపు నిలవాలంటే కనీసం 60 శాతం రోగులు మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) చెప్పిన 13 జబ్బుల వాళ్లై ఉండాలి. ఆ జాబితాలో డెబిలిటీ లేదు, కాబట్టి ఉత్త నీరసంతో వచ్చేవాళ్లను ఆసుపత్రి ఒక హద్దు వరకే చేర్చుకోగలదు.