న్యూజెర్సీలో కుండీలో పొట్టి అరటి: గెల వేస్తుందా, ఆకులతో సరిపెట్టుకోవాలా?

మీరు అడిగినవి మూడు. ఎడిసన్ దగ్గర టౌన్‌హౌస్‌లో కుండీలో పొట్టి అరటి పెంచితే పళ్లు వస్తాయా, చలికాలం దాన్ని ఏం చేయాలి, ఊరి నుంచి పిలక తెచ్చుకోవచ్చా. నేనూ ఇదే రాష్ట్రంలో చాలా ఏళ్లుగా పెంచుతున్నాను. గెల కోసి తిన్నాం కూడా. కాబట్టి వస్తాయండీ. అయితే చాలామందికి ఎందుకు రావో ముందు చెప్తాను.

అరటి దుంప మొండిది. పైన బోదె మంచుకు చచ్చినా మట్టిలో దుంప బతికుంటే వసంతంలో మళ్లీ మొలుస్తుంది. అది చూసి చెట్టు బతికిందని సంబరపడతాం. కానీ పొట్టి కావెండిష్ (కుండీకి సరిపోయే పొట్టి అరటి రకం) బోదె దాదాపు 30 నుంచి 40 ఆకులు వేశాక గానీ పువ్వు తీయదు. మనకి గట్టిగా ఎండ ఉండేది మే నుంచి సెప్టెంబర్ దాకా. ఆ ఐదు నెలల్లో వారానికో ఆకు చొప్పున వేసినా ఇరవై దగ్గర ఆగిపోతుంది. ఏటా చలికి బోదెను పోగొట్టుకుంటే ఏటా ఒకటో ఆకు నుంచి మొదలు. అందుకే గెల కావాలంటే దుంప బతికితే చాలదు, అదే బోదె కనీసం ఒక చలికాలం, ఒక్కోసారి రెండు చలికాలాలు పచ్చగా దాటాలి. పొట్టి రకం ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే: దాన్ని లోపలికి మోసుకుపోవచ్చు.

రకం విషయానికొస్తే, చక్కెరకేళి, అమృతపాణి మీద ఆశ వదులుకోండి. రుచిలో వాటి ముందు ఏదీ నిలవదని నేనూ ఒప్పుకుంటాను గానీ, అవి మన ఇళ్ల సీలింగ్ దాటిపోతాయి. ఇక్కడ నర్సరీల్లో డ్వార్ఫ్ కావెండిష్ అని అమ్మేది మన వైపు వామనకేళి అనే పొట్టి పచ్చ అరటి. నేలలో ఆరు నుంచి ఎనిమిది అడుగులు పెరుగుతుంది, కుండీలో ఇంకాస్త తక్కువ. సూపర్ డ్వార్ఫ్ అని ఇంకోటుంది, మూడు నాలుగు అడుగులకే ఆగుతుంది. చూడటానికి ముద్దుగా ఉంటుంది, కిటికీ పక్కన సరిపోతుంది. అయితే ఆకుల కాడలు మరీ దగ్గరగా ఉండటంతో, చల్లటి రోజుల్లో పువ్వు బయటికి రాలేక గొంతు దగ్గరే ఇరుక్కుపోయే ప్రమాదం ఎక్కువ. ఆ బెడద మామూలు పొట్టి కావెండిష్‌కీ ఉంది గానీ కాస్త నయం. పళ్ల కోసమైతే నా ఓటు దానికే.

కుండీ 15 నుంచి 20 గ్యాలన్లది, అడుగున చిల్లులున్నది తీసుకోండి. తడిసిన మట్టితో అది వంద పౌండ్లు దాటుతుంది, కాబట్టి కింద చక్రాల పలక తప్పనిసరి. జూలైలో రోజూ నీళ్లు కావాలి, ఎరువు కూడా బాగా తింటుంది. నత్రజనితో పాటు పొటాష్ ఉన్న ఎరువు వేయండి. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు పోస్తే చాలని వీడియోల్లో చెప్పేవాళ్లను నమ్ముకుంటే మొక్క ఆకలితో ఉంటుంది. గాలి తగలని మూల, దక్షిణం ఎండ ఉంటే మంచిది. గాలికి ఆకులు చీలితే చెట్టుకు పెద్ద నష్టం లేదు గానీ విస్తరికి పనికిరావు. మా ఇంట్లో అది పెద్ద విషయమే! వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి సరిగ్గా ఆకులు బాగా ఉండే రోజుల్లోనే వస్తాయి. ఒక్కో ఆకు కోసుకుంటే ఏమీ కాదు, నడిమి మొవ్వు జోలికి మాత్రం పోకండి. పిలకలు కూడా గెల వేసేదాకా కోసేస్తూ ఉండాలి, ఒక్కటి ఉంచుకుంటే చాలు.

ఇక చలికాలం. దాదాపు 57 ఫారన్‌హీట్ దగ్గరే అరటి పెరుగుదల ఆగిపోతుంది, మంచు పడితే ఒక్క రాత్రిలో ఆకులు నల్లబడతాయి. నేను రాత్రిళ్లు 50కి దిగుతున్నాయనగానే, అంటే మామూలుగా అక్టోబర్ మొదట్లో, లోపలికి తెచ్చేస్తాను. తెచ్చాక రెండు దారులు. 45 నుంచి 55 మధ్య ఉండే గ్యారేజీలో నిద్రపుచ్చడం ఒకటి. ఆకులు కోసేసి, నెలకోసారి మట్టి మరీ పొడిబారకుండా కాసిని నీళ్లు పోస్తే చాలు. బోదె బతుకుతుంది గానీ ఆ చలి నెలలన్నీ ఒక్క ఆకూ రాదు. రెండోది దక్షిణం కిటికీ దగ్గర, పైన గ్రో లైట్ (మొక్కలకు ఎండ బదులు వాడే దీపం) పెట్టి మెలకువగా ఉంచడం. నెమ్మదిగానైనా ఆకులు వస్తుంటాయి. గెల కావాలంటే ఇదే.

రెండో దారిలో శత్రువులు ఇద్దరు. మొదటిది మన చెయ్యే. ఆకు వాలిందని నీళ్లు పోస్తాం, చల్లటి మట్టిలో నీళ్లు నిలిచి దుంప కుళ్లుతుంది. పైన రెండంగుళాలు ఎండాకే పోయండి. రెండోది ఎర్రనల్లి. హీటర్ గాలికి ఇల్లు ఎండిపోతుంది, వీటికి అదే పండగ. ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్నటి బూజు, పైన తెల్లటి చుక్కలు కనిపిస్తే అవే. వారానికోసారి తడి గుడ్డతో ఆకులు రెండు వైపులా తుడవండి, మరీ ఎక్కువైతే బాత్రూమ్‌లో గోరువెచ్చటి షవర్ కింద పెట్టండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మాకు పువ్వు ఎండాకాలం చివర్లో వచ్చింది. అది అంత మంచి సమయం కాదు, ఎందుకంటే కాయ ఇంట్లోనే ఊరాలి. వేడి దేశాల్లో మూడు నాలుగు నెలల్లో అయ్యే పని ఇక్కడ చాలా ఆలస్యమవుతుంది. ఇది కొత్త కష్టమేమీ కాదు. 1830ల్లో ఇంగ్లండ్‌లోని చాట్స్‌వర్త్ మహల్ తోటమాలి జోసెఫ్ పాక్స్టన్, మారిషస్ నుంచి వచ్చిన ఇదే పొట్టి రకాన్ని వేడి చేసిన గాజు ఇంట్లో పెంచాడు. 1835 నవంబర్‌లో పువ్వు తీస్తే పళ్లు అందింది మరుసటి మేలో. యజమాని డ్యూక్ ఇంటిపేరు కావెండిష్, రకానికీ అదే నిలిచింది. మా గెల చిన్నదే, కాయలు పొట్టివే, రుచి మాత్రం కొట్టు పళ్ల కన్నా బాగుంది. కోనసీమ ఎండలో పండినా పచ్చగానే ఉండే ఈ పండు, ఇక్కడ ఇంట్లో చల్లదనానికి చక్కగా పసుపు రంగు తిరిగింది. కాసిన బోదె ఇంక కాయదు, దాన్ని నరికేసి, ఉంచుకున్న పిలకను పెంచుకోవాలి. దూట కూరకు పనికొస్తుంది.

పళ్లు వద్దు, ఆకులు చాలు అనుకుంటే ఇంత టెన్షన్ అక్కర్లేదు. మూసా బాస్జూ అనే రకాన్ని నేలలోనే నాటుకోండి. మంచు పడ్డాక బోదె రెండు మూడడుగుల ఎత్తుకు కోసి గడ్డి, ఎండాకులు దట్టంగా కప్పితే వసంతంలో మళ్లీ లేస్తుంది. దాని పళ్లు తినడానికి పనికిరావు. కోసిన బోదె దొప్పలతో మేం పోలి పాడ్యమికి దీపాలు వదులుతాం, పెరట్లో టబ్బులోనే అనుకోండి.

పిలక ఊరి నుంచి తేవద్దు. అనుమతి, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు తెగుళ్లు లేవనే పత్రం) లేకుండా నాటే మొక్క తీసుకొస్తే ఎయిర్‌పోర్టులోనే పడేయాలి, చెప్పకుండా తెస్తే జరిమానా. పైగా బంచీటాప్ (ఆకులు పైన గుత్తిలా ముడుచుకుపోయే తెగులు) లాంటి వైరస్ పిలకలతో కూడా వ్యాపిస్తుంది, కంటికి కనపడదు. ఫ్లోరిడా వైపు నర్సరీలు టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి పెంచిన) మొక్కలు పోస్టులో పంపుతాయి. వచ్చినప్పుడు జానెడే ఉంటుంది, కంగారు పడకండి. ఆర్డర్ మాత్రం మేలో పెట్టండి, అప్పుడే మొదటి చలికి ముందు వీలైనన్ని ఆకులు వేస్తుంది.