పాత స్పీకర్లు, కొత్త టీవీ: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారి పాత స్పీకర్లను అటక మీద నుంచి దింపి కొత్త టీవీకి కలపాలనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. ఆ పెట్టెల్లో యాంప్లిఫయర్ (శబ్ద సంకేతానికి బలం పెంచే పరికరం) లేదు కనుక, వాటి తీగలను టీవీ వెనుక ఎక్కడ తగిలించినా ప్రయోజనం ఉండదు. మధ్యలో యాంప్లిఫయర్ తప్పనిసరి.

అయితే దానికి డబ్బు పెట్టే ముందు స్పీకర్ల సంగతి తేల్చుకో. ముందున్న జాలీ తీసి, కోన్ (శబ్దం కోసం కదిలే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉన్న అంచును వేలితో మెల్లగా తాకి చూడు. అది ఫోమ్ అయితే ఇన్నేళ్లకు పొడిగా రాలిపోయే అవకాశం ఎక్కువ. అలా రాలినా అంచు మార్పిస్తే సరిపోతుంది, స్పీకరు పారేయనక్కరలేదు. ఆ తరువాత 1.5 వోల్టుల బ్యాటరీని ఎర్ర, నల్ల టెర్మినళ్లకు క్షణకాలం ఆనించు. రెండు పెట్టెల్లోనూ వూఫర్ (మంద్ర శబ్దాలు పలికే పెద్ద కోన్) ఒకే వైపుకు కదలాలి. ఒకటి ముందుకు, మరొకటి వెనక్కు కదిలితే బేస్, అంటే ఆ మంద్ర శబ్దం, పలచబడిపోతుంది. పెట్టె వెనుక 4 ఓమ్‌లని (విద్యుత్తుకు స్పీకరు చూపే నిరోధం) రాసి ఉంటే, అంత తక్కువకు తట్టుకునే యాంప్లిఫయరే తీసుకో. 8 అయితే బెంగ లేదు.

హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ తీగలోనే టీవీ శబ్దాన్ని బయటికి పంపే ఏర్పాటు) ఉన్న చిన్న యాంప్లిఫయర్ కొనడమే నా మొగ్గు, ఎందుకంటే టీవీ రిమోట్‌తోనే శబ్దం తగ్గించుకోవచ్చు. ఇంట్లో పాత యాంప్లిఫయరే ఉంటే, టీవీ ఆప్టికల్ సాకెట్ (శబ్దాన్ని కాంతి రూపంలో పంపేది) నుంచి ఒక చిన్న డాక్ (డిజిటల్ శబ్దాన్ని మామూలు అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం) పెట్టెకు, అక్కడి నుంచి యాంప్లిఫయర్ ఆక్స్ (బయటి పరికరాల శబ్దం అందుకునే) సాకెట్‌కు కలుపు. ఫోనో అని రాసినది గ్రామఫోన్ రికార్డుల కోసం, దాని జోలికి వెళ్లకు. టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియోను పీసీఎంకు (కుదించని సాదా డిజిటల్ శబ్దం) మార్చడం మరువకు. అది డాల్బీలో (కుదించి పంపే పద్ధతి) ఉండిపోతే మామూలు డాక్ నోరు మెదపదు, మనమేమో పెట్టె పాడైందని దుకాణానికి పరుగెడతాం.

తీగలకు వేల రూపాయలు ధారపోయకు. నాలుగైదు మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ చాలు. కొసలను మాత్రం గట్టిగా మెలిపెట్టు. విడిపోయిన ఒకే ఒక్క రాగి పోగు పక్క టెర్మినల్‌ను తాకడం గమనించక నేనొకసారి యాంప్లిఫయర్ కాల్చుకున్నాను. అందుకే కలిపేటప్పుడు ప్లగ్ తీసి ఉంచు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, మెల్లగా పెంచు.

ఇట్లు,
మీ మావయ్య