చర్చిల్‌కి కారులో వెళ్లలేం చిన్నా

చిన్నా,

ఫిబ్రవరిలో అమ్మానాన్నలకి అరోరా, అదే రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు, చూపించడానికి కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఉత్తరాన ఉన్న చర్చిల్ ఊరికి కారులో తీసుకెళ్తానన్నావు. ముందు మ్యాప్ తెరిచి చూడరా, ఆ ఊరికి అసలు రోడ్డే లేదు. రైలెక్కాలి, లేదంటే విమానం.

రైలంటే సుమారు 1,700 కిలోమీటర్లు, రెండు రాత్రులు, అదీ వారానికి రెండుసార్లే. ఉత్తరానికి వెళ్లేకొద్దీ నేల అడుగున ఏడాది పొడుగునా గడ్డకట్టిన మట్టి, దాని మీద చిత్తడి, పట్టాలు ఎక్కడికక్కడ కుంగుతుంటాయి కాబట్టి బండి నత్తలా పాకుతుంది, గంటలకొద్దీ లేటు. 2017లో వరదకి పట్టాలు కొట్టుకుపోతే 2018 చివరిదాకా ఆ ఊరికి రైలే లేదు. విమానం రెండు, రెండున్నర గంటలు. టికెట్ చూస్తే గుండె గుభేల్‌మంటుంది, పైగా మంచు తుఫానొస్తే అదీ ఎగరదు.

దారిలో ఉన్న థాంప్సన్ ఊరి దాకా 760 కిలోమీటర్లు కారులో పోయి అక్కడ రైలెక్కొచ్చు. నేనోసారి ఆ తెలివి చూపించాను. స్టేషన్ దగ్గర కారు నాలుగు రోజులు వదిలేశాను, చలికి ఇంజిన్ మొండికేయకుండా వెచ్చగా ఉంచే హీటర్ ప్లగ్ బంపర్ కింద వేలాడుతూనే ఉంది, కరెంటుకి పెట్టే చోటు వెతకడానికి బద్ధకించాను. చలి మైనస్ 38 డిగ్రీలు. తిరిగొచ్చి తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. ఎవరో పుణ్యాత్ముడు తన కారు బ్యాటరీకి తగిలించి స్టార్ట్ చేయించాడు గానీ, నేలకి ఆనిన చోట టైర్లు బల్లపరుపుగా గడ్డకట్టి, కాసేపు ఎడ్లబండి ఎక్కినట్టే దడదడ. నాన్న మోకాళ్లతో ఆ ప్రయోగం వద్దు.

నా మాట విని వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు రైలు పెట్టుకో. వెళ్లే రైలు లేటైతే అరోరా చూసే రాత్రి ఒకటి పోతుంది, వచ్చేది లేటైతే నీ సెలవు పోతుంది, అంతే కదా. వాళ్లకి పడుకునే బెర్తులే తీసుకో, కుర్చీల్లో రెండు రాత్రులంటే అమ్మ నిన్ను జన్మలో క్షమించదు. ఇండియా ఫ్లైట్‌కి కనీసం మూడు రోజులు గ్యాప్ ఉంచు. పులిహోర కలిపి పట్టుకెళ్లు. తెల్ల ఎలుగుబంట్లు గుంపుగా కనిపించేది అక్టోబర్, నవంబర్‌లో, కాబట్టి నాన్నకి వాటి ఆశ పెట్టకు.

ఆయన బూట్ల సైజు పంపు, నా పాత మంచు బూట్లు ఓ జత అటక మీద ఉన్నాయి.

బాబాయి