పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టే ముందు కేబుల్ పెట్టి చూడండి

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్ తీసుకున్నాం. ఇంటర్నెట్ డబ్బా కింద హాల్లో టీవీ వెనక ఉంది. మా అమ్మాయి పై గదిలో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. అక్కడ స్పీడ్ టెస్ట్ పెడితే 12, మహా అయితే 15 వస్తుంది. మీటింగులో మాట మధ్యలోనే తెగిపోతోంది. రాత్రి తొమ్మిది దాటితే కింద హాల్లో టీవీలో కూడా బొమ్మ ఆగి ఆగి వస్తోంది. ఆపరేటరు దగ్గరి కుర్రాడు 300 ప్లాన్‌కు మారిపొమ్మంటున్నాడు. మారమంటారా?
– ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: ఇప్పుడే మారకండమ్మా. మీరు రాసినవి రెండు వేరు వేరు సమస్యలు. పై గదిది ఒకటి, రాత్రి తొమ్మిది తర్వాతది ఇంకొకటి. పెద్ద ప్లాన్‌తో ఈ రెండూ తీరకపోవచ్చు. నెలనెలా ఎక్కువ డబ్బు మాత్రం తప్పకుండా పోతుంది.

ముందు పై గది సంగతి చూద్దాం. ఒక వీడియో మీటింగుకు నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే సరిపోతుంది. మీ అమ్మాయికి 12 వస్తోంది. అయినా మాట తెగుతోందంటే అక్కడ లేనిది వేగం కాదు, నిలకడ. దాన్ని స్పీడ్ టెస్ట్ చూపించదు. అమ్మాయిని లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మీ డబ్బా చిరునామాకు పింగ్ కొట్టమనండి, అంటే డబ్బాకు చిన్న కబురు పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడడం. ఆ చిరునామా డబ్బా కింద స్టిక్కరు మీద ఉంటుంది, చాలావాటికి 192.168.1.1. ping -t అని కొట్టి, దాని పక్కన ఆ చిరునామా ఇస్తే ఆగకుండా నడుస్తుంది, అలా మీటింగు జరుగుతున్నంతసేపూ నడవనివ్వండి. జవాబు పది మిల్లీసెకన్ల లోపే వస్తుంటే వైఫై బాగున్నట్టే. ఒకసారి 5, మరోసారి 300 అయి, మధ్యమధ్యలో ‘టైమ్డ్ అవుట్’ అని కూడా పడుతుంటే, లోపం మీ హాలుకూ మీ అమ్మాయి గదికీ మధ్యే ఉంది. ఆ కబురు ఇంకా మీ గుమ్మం కూడా దాటలేదు, ఆపరేటరు దాకా పోవడం తర్వాతి మాట.

రెండో పరీక్ష కేబుల్‌తో. లాప్‌టాప్ కిందికి తెచ్చి, వైఫై ఆపేసి, డబ్బాకు లాన్ కేబుల్ పెట్టి, పొద్దున్నే స్పీడ్ చూడండి. తొంభైకి పైగా వస్తే మీకు అందాల్సింది ఇంటిదాకా అందుతున్నట్టే. 300 ప్లాన్‌కు మారినా, ఆ పెంచిన వేగం కూడా హాల్లోనే ఉండిపోతుంది. ఇంకో విషయం, మీ డబ్బాకు ఉన్న లాన్ పోర్టు 100 రకం అయితే 300 ప్లాన్‌లోనూ కేబుల్ మీద 95 దాటదు. ఆ కుర్రాణ్ణి ముందు ఈ సంగతే అడగండి.

ఫైబర్ లైన్ల పనిలో ఉన్నప్పుడు నేను చూసిన ఇళ్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. డబ్బా అందంగా లేదని టీవీ వెనకో, షోకేసు లోపలో, ఇనుప బీరువా మీదో పెడతారు. గుంటూరులో ఒకరింట్లో అయితే మీటరు బోర్డు పక్కన రేకు పెట్టెలో పెట్టి తలుపు కూడా వేశారు. ఇనుము వైఫైని అడ్డుకుంటుంది. కాంక్రీటు శ్లాబు కూడా బలమైన అడ్డమే, దాని నిండా ఇనుప ఊచలే. వైఫైకి రెండు బ్యాండులు, అంటే రెండు దారులు ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగమైనది, కానీ శ్లాబు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది దాటుతుంది కానీ దాంట్లో రద్దీ ఎక్కువ. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11 మూడే. మీ ఇల్లూ, అటూ ఇటూ పక్కిళ్లూ, ఎదురిల్లూ అన్నీ వాటినే పంచుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ 2.4 దారిలోనే పనిచేస్తుంది.

అందుకని డబ్బాను టీవీ వెనక నుంచి తీసి, మెట్లకు దగ్గరగా, మనిషి ఎత్తులో పెట్టించండి. అయితే మీరే లాగకండి. సన్నటి ఫైబర్ తీగ గట్టిగా మడతపడితే లోపలి వెలుగు బయటికి పోతుంది. టెక్నీషియన్ వచ్చినప్పుడు ‘పవర్ ఎంతుంది నాయనా’ అని అడగండి, అంటే ఫైబర్‌లో మీ ఇంటికి చేరే వెలుగు బలం. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే హాయి. మైనస్ 27కు చేరితే లైను ఊరికూరికే తెగుతుంటుంది, కనెక్టర్ శుభ్రం చేయాలి, లేదా కొత్త ముక్క వేయాలి.

డబ్బా జరిపినా పై గదిలో అలాగే ఉంటే, క్యాట్-6 రకం లాన్ కేబుల్ ఒకటి బయటి గోడ వెంట పైపులో పైకి తీసుకెళ్లి, అక్కడ రెండో రూటర్‌ను (ఇంకో వైఫై డబ్బాను) యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌నే వైఫైగా ఇచ్చేలా పెట్టించండి. ఒక్కసారి ఖర్చు, ఏళ్ల తరబడి నిలుస్తుంది. చవకగా దొరికే రిపీటర్లు, అంటే వైఫైని అందుకుని మళ్లీ పంపే డబ్బాలు, నేను సిఫారసు చేయను. ఒకే బ్యాండుతో నడిచేవి విన్న మాటనే మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఇంటికి జీతం తెచ్చే మనిషి రోజూ ఆ గదిలో కూర్చుంటోంది, ఆ ఒక్క తీగ వేయించండమ్మా.

ఇక రాత్రి తొమ్మిది. మీ ఇంట్లోంచి ఆ వేళ నెట్‌లోకి వెళ్లేది, అంటే అప్‌లోడ్ అయ్యేది, ఏమిటో మొదట చూడండి. ఛార్జింగులో పెట్టగానే ఫోన్లు ఫొటోలు బ్యాకప్ చేస్తాయి. సీసీటీవీ ఉంటే అది క్లౌడ్‌కు వీడియో పంపుతుంటుంది. అప్‌లోడ్ నిండిపోతే ‘అందింది’ అని పంపే చిన్న జవాబులు కూడా ఇరుక్కుని, డౌన్‌లోడ్ సైతం మందగిస్తుంది. ఒక రాత్రి అవన్నీ ఆపి, మళ్లీ కేబుల్‌తోనే స్పీడ్ చూడండి. అప్పటికీ తక్కువే వస్తే, పొద్దున ఆరుకు నిండుగా వస్తే, అది ఆపరేటరు వైపు రద్దీ. ఒక ఫైబర్‌ను స్ప్లిటర్‌తో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు, ఆ పైన ఆపరేటరు కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ అందరికీ ఒకటే. అది చాలనప్పుడు మీరు 300 తీసుకున్నా 500 తీసుకున్నా ఆ గంటలో మీ వంతు పెద్దగా పెరగదు.

తేదీ, వేళ, కేబుల్ మీద వచ్చిన అంకె ఓ వారం పుస్తకంలో రాసి ఉంచండి. కాల్ సెంటర్‌కు చెప్పి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు తీసుకోండి. తీరకపోతే కంపెనీలోనే అప్పీలు అధికారి ఉంటారు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఉండి తీరాలి. ‘నెట్ స్లోగా ఉంది’ అనే మాటను ఎవరైనా పక్కన పెట్టేయగలరు, వారం రోజుల అంకెలు పక్కన పెట్టడం కష్టం.

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ ప్లాన్ అన్నారు, కానీ సినిమా దించుకుంటే సెకనుకు 11 ఎంబీ అనే చూపిస్తోంది. మోసపోయామా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: లేదు బాబూ, నీకు పూర్తిగా వస్తోంది. ప్లాన్‌ను బిట్లలో చెబుతారు, ఫైలును బైట్లలో చూపిస్తారు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు, కాబట్టి 100ని ఎనిమిదితో భాగిస్తే 12.5. దారి ఖర్చులు పోను 11 మంచి అంకె. నెల చివర్లో హఠాత్తుగా పడిపోతే మాత్రం ఎఫ్‌యూపీ పరిమితి, అంటే పూర్తి వేగంతో నెలకు వాడుకోగల డేటా హద్దు, దాటిందేమో ఆపరేటరు యాప్‌లో చూసుకో. ‘అన్‌లిమిటెడ్’ అన్న ప్లాన్లలో కూడా చాలావాటికి నెలకు 3,300 జీబీ వంటి గీత ఉంటుంది.