అన్నం తింటే పొడుగవుతావని చెప్పకండి

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా గుంటడికి ఆరేళ్ళు, ఒకటో తరగతి. ఎకాండ్రోప్లేసియా, అంటే చేతులూ కాళ్ళూ పొట్టిగా ఉండిపోయే మరుగుజ్జుతనం అన్నారు డాక్టర్లు. మా రెండు వైపులా ఇలాంటివాళ్ళు లేరు. గ్రహణంనాడు నేను బయట తిరగబట్టే ఇలా పుట్టాడంటారు అత్తగారు. కిందటేడు సిరిమాను పండక్కి విజయనగరం వెళ్తే ఎవరో వాణ్ణి ఫోన్లో ఫొటోలు తీశారు. అప్పట్నుంచీ వాణ్ణి ఎక్కడికీ తీసుకెళ్ళొద్దంటున్నారు ఇంట్లోవాళ్ళు. ‘అమ్మా, నేనెప్పుడు పొడుగవుతాను?’ అని రోజూ అడుగుతున్నాడు. అన్నం బాగా తింటే అవుతావంటున్నాను. ఇంకేం చెప్పను?

జవాబు: ముందు ఆ అన్నం మాట మానేయండమ్మా. వాడు నమ్ముతాడు. ఇంకో రెండు ముద్దలు తింటాడు. వచ్చే ఏడాది పక్కింటి పిల్లలు పెరుగుతారు, వాడు అంతగా పెరగడు. తను సరిగ్గా తినకపోవడం వల్లేనని అనుకుంటాడు. పైగా ఈ పిల్లలు ఒళ్ళు చేస్తే మోకాళ్ళకీ వెన్నుకీ ఇబ్బంది.

నిజమే చెప్పండి. ‘నీ చేతుల్లో కాళ్ళల్లో ఎముకలు కొంచెమే పెరుగుతాయి నాన్నా, నువ్వు అలా పుట్టావు. అది నీ తప్పు కాదు, నా తప్పూ కాదు’ అంటే ఆరేళ్ళవాడికి అర్థమవుతుంది. ఏడుస్తాడేమో, ఏడవనివ్వండి. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట చెప్పండి. పొడుగు పెంచే పొడులంటూ వచ్చే ప్రకటనలకు మాత్రం డబ్బు తగలేయకండి.

‘నా తప్పూ కాదు’ అన్నది వాడి కోసమే కాదు, మీ కోసం కూడా. ఇది ఒక జన్యువులో వచ్చిన మార్పు. అదేమిటో 1994లోనే కనుక్కున్నారు. ఇలాంటి పిల్లల్లో పదిమందికి ఎనిమిదిమంది మామూలు ఎత్తున్న అమ్మానాన్నలకే పుడతారు. ఇది అత్తగారికి మీరు చెబితే గొడవ. ఈసారి ఆసుపత్రికి ఆవిణ్ణీ తీసుకెళ్ళి డాక్టరు చేతే చెప్పించండి. రాత్రిళ్ళు బాగా గురక పెట్టినా, నిద్రలో ఊపిరి ఆగినట్టనిపించినా, మాటిమాటికీ చెవిపోటొచ్చినా అప్పుడే అడగండి. అవి వదిలేసేవి కావు.

ఇంట్లో వాడి ఎత్తు చూసి కాదు, వయసు చూసి మెలగండి. మీరు రాయలేదు గానీ, వాణ్ణి ఇంకా చంకనెత్తుకునే బడికి తీసుకెళ్తున్నారని నా అనుమానం. బాత్రూంలో ఒక పీట, చేతికందేలా ఒక స్విచ్చు ఉంటే తన పని తనే చేసుకుంటాడు. బడిలో కాళ్ళు గాల్లో వేలాడకుండా బెంచీ కింద చెక్కపెట్టె పెట్టమని టీచర్ని అడగండి, వెన్నుకి మంచిది. తోటిపిల్లలు ముద్దుచేసి ఎత్తుకుని తిప్పుతుంటే అదీ ఆపించమనండి. చదువుకి ఏ అడ్డూ లేదు, తెలివి అందరిలాంటిదే.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో మరుగుజ్జుతనం ఉంది. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్టుకి సచివాలయంలో స్లాట్ తీసుకోండి. నలభై శాతం, ఆపైన వస్తే పింఛనుకి, రేపు ఉద్యోగాల రిజర్వేషన్‌కి అదే ఆధారం. ఈ పని మీవారికి అప్పజెప్పండి. ఉత్తరంలో ఆయన ఊసే లేదు.

ఫొటోల సంగతీ ఆయనే చూసుకోవాలి. ‘అడక్కుండా తీయకండి బాబూ’ అని ఒక్కమాట అని ముందుకు నడవడమే. దసరా వెళ్ళాక మంగళవారం ముగ్గురూ మళ్ళీ విజయనగరం వెళ్ళండి. సిరిమాను వచ్చేటప్పుడు ఆరేళ్ళ పిల్లలందరూ నాన్న భుజాలెక్కే చూస్తారు. అక్కడ మాత్రం వాణ్ణి ఎత్తుకోవచ్చు.