ప్రాస కుదిరిన రాత్రి

అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ చేరి పది రోజులు దాటింది. జవాబు ఆలస్యమైనందుకు కోపగించుకోకు. చదువుతుంటే నేను ఎప్పుడో చేసిన తప్పొకటి గుర్తుకు వచ్చింది. దాన్ని దాచిపెట్టి నీకు బుద్ధులు చెప్పడానికి మనసొప్పలేదు. ఇంకో మాట, నన్ను మాస్టారూ అనడం మానుకో. పాతికేళ్లు పత్రికాఫీసులో ఇతరుల వాక్యాలు కత్తిరించి, మిగిలిన వేళల్లో నాలుగు కథలు రాసుకున్నవాడిని. బాబాయ్ అను, చాలు.

నీ కథ చిలీ రాజధాని శాంటియాగో నగరంలో. ఒక మేడ. ఎదురెదురు వాటాలు. 1973లో సైనిక కుట్రతో గద్దెనెక్కిన మాజీ నియంత పినోచెట్ పోయాడన్న వార్త రేడియోలో వస్తుంది. ఒక ఇంట్లో షాంపేన్ సీసా మూత ఎగిరి పైకప్పుకు తగులుతుంది. ఎదురింట్లో నల్లశాలువా కప్పుకున్న ముసలావిడ కొవ్వొత్తి వెలిగిస్తుంది. చీకటి పడ్డాక ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడి చేతులు పట్టుకుంటారు. ‘మరణం ముందు అందరూ సమానమే’ అని నీ చివరి వాక్యం. నువ్వు చూడని ఊరి మెట్లను, ఆ మెట్ల మీదికి వచ్చే ఉల్లిపాయల ఉడుకు వాసనను ఇంత నమ్మకంగా రాశావంటే నీ చేతిలో పని ఉంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. చేతకానివాళ్లకు ‘బాగుందమ్మా’ అని ఒక్క ముక్కతో సరిపెడతాను.

ఇప్పుడు నా తప్పు సంగతి. 2006 డిసెంబరు 10, ఆదివారం. విదేశీ వార్తల పేజీ నాది. చిలీలో మధ్యాహ్నం రెండుంబావుకు సైనిక ఆసుపత్రిలో పినోచెట్ ప్రాణం పోయింది. అప్పుడు మనకు రాత్రి పదిముప్పావు. దూరపు ఊళ్లకు పోయే డాక్ ఎడిషన్ వెళ్లిపోయింది. సిటీ ఎడిషన్‌లో రెండు కాలమ్‌ల చోటు దొరికింది. ఏజెన్సీ కాపీలు ఒకదాని వెంట ఒకటి పడుతున్నాయి. శాంటియాగోలోని ప్లాజా ఇటాలియా కూడలిలో జనం జెండాలతో, షాంపేన్ సీసాలతో గంతులు వేస్తున్నారని ఒకటి. ఆసుపత్రి ముందు ఆయన ఫొటోలు గుండెలకు హత్తుకుని ఏడుస్తున్నారని ఇంకొకటి. నేను శీర్షిక పెట్టాను: ‘కొందరికి కన్నీరు.. కొందరికి పన్నీరు’. డెస్కంతా భేష్ అంది. ఎవరో టీ తెప్పించారు. స్కూటరు మీద ఇంటికి వెళుతూ ఆ ప్రాసను రెండు మూడుసార్లు పైకే అనుకున్నాను కూడా.

వారం తరువాత ఒక పోస్టుకార్డు వచ్చింది. సంతకం అర్థం కాలేదు, ఊరి ముద్ర మసకబారింది. రెండే వాక్యాలు. ‘అయ్యా, పన్నీరు చల్లుకున్నవాళ్లే ముప్పై మూడేళ్లుగా ఏడుస్తున్నవాళ్లు. మీరు కన్నీటిని ఎవరి ఖాతాలో వేశారు?’

ఆ కార్డు చాలాకాలం నా సొరుగులో ఉంది. కన్నీరు, పన్నీరు. రెండూ మూడేసి అక్షరాలు. ఛందస్సు తెలిసినవాళ్లు రెండూ త గణాలే అంటారు. నా శీర్షిక అటు ఒకటి ఇటు ఒకటి పెట్టి త్రాసు ముల్లును సరిగ్గా మధ్యలో నిలబెట్టింది. వార్తలో ఆ తూకం లేదు, నా ప్రాసలోనే ఉంది. నీ కథలో మెట్ల మీద ఆ కరచాలనం కూడా అటువంటి ప్రాసే.

చావుతో వైరాలు తీరిపోతాయని రాముడంతటివాడు విభీషణుడికి చెప్పాడు కదా అని నీ ఉత్తరంలో రాశావు. చెప్పాడు. ఎప్పుడు చెప్పాడో చూడు. రావణుడు నేలకూలాడు, లంక చేతికి వచ్చింది, సీతకు చెర వీడబోతోంది. మనం వచ్చిన పని నెరవేరింది అన్న మాట కూడా ఆ మాట పక్కనే ఉంది. మనవాళ్లు మొదటి సగాన్ని పెళ్లిళ్లలో, పేరంటాల్లో కూడా వాడేసి రెండో సగాన్ని వదిలేశారు.

శాంటియాగోలో వచ్చిన పని నెరవేరలేదు. 1998 అక్టోబరులో లండన్‌లో పినోచెట్‌ను అరెస్టు చేశారు, స్పెయిన్ న్యాయమూర్తి వారెంటు మీద. ఏడాదికి పైగా అక్కడే నిర్బంధంలో ఉంచి, ఆరోగ్యం బాగాలేదని 2000 మార్చిలో పంపేశారు. చక్రాల కుర్చీలో దిగిన మనిషి శాంటియాగో విమానాశ్రయంలో లేచి నిలబడి, నడిచి వెళ్లి సైన్యాధిపతిని కౌగిలించుకున్నాడు. ఆ తరువాత స్వదేశంలో కేసుల మీద కేసులు పడ్డాయి. గృహనిర్బంధాలు, వైద్య పరీక్షలు, విచారణకు తట్టుకోగలడా లేడా అనే వాదోపవాదాలు నడిచాయి. ఒక్క కేసులోనూ శిక్ష ఖరారు కాకుండానే తొంభై ఒక్క ఏళ్ల వయసులో పోయాడు. పోయిన రోజు అంతర్జాతీయ మానవ హక్కుల దినం. అంటే నీ కథలో సీసా మూత తీసినవాడు గెలవలేదు, ప్రతివాది చేజారిపోయాడు. మొదటి గ్లాసు అతనితో సంతోషంగానే తాగించు. రెండో గ్లాసు నింపబోతుండగా అతనికి ఆ సంగతి తట్టాలి. నీ కథకు అసలు మలుపు అక్కడ ఉంది, నువ్వేమో పాత్రను మెట్ల మీదికి తోలావు.

ఇక నీ ముసలావిడ. నల్లశాలువా, కొవ్వొత్తి, జపమాల. క్యాలెండరు బొమ్మ. ఆమె ఎందుకు ఏడుస్తోందో నీ కథలో ఒక్క ముక్క లేదు. ఏడిచేవాళ్లను చూసి జాలిపడితే చాలనుకున్నావు. జాలి కన్నా ఆరా అవసరం. పినోచెట్‌కు ముందు, అలెండీ అధ్యక్షుడిగా ఉండగా, 1972 అక్టోబరులో లారీల యజమానులు సమ్మె కట్టారు. మరుసటి ఏడాదికి ధరలు పట్టపగ్గాలు లేకుండా పెరిగి ద్రవ్యోల్బణం ఐదు వందల శాతం దాటింది. రొట్టె కోసం తెల్లవారకముందే వరుసలో నిలబడిన మనిషి కావచ్చు ఆమె. భర్తకు ఒక లారీ ఉండి ఉండవచ్చు. 1973 సెప్టెంబరు 11న సైన్యం తిరగబడి అధ్యక్ష భవనం మీద బాంబులు వేస్తున్నప్పుడు ‘హమ్మయ్య’ అనుకుని ఉండవచ్చు. 1988 అక్టోబరు 5న పినోచెట్ కొనసాగాలా వద్దా అని ఓటింగు పెడితే వద్దన్నవాళ్లు దాదాపు 56 శాతం, కావాలన్నవాళ్లు 44 శాతం. ఓటుతో నియంతను దించిన రోజున కూడా పదిమందిలో నలుగురు ఆయన వెంటే ఉన్నారు. ఆ నలుగురూ హంతకులు కారు. కానీ ఎదురింటి పిల్లవాడిని రాత్రివేళ జీపు ఎక్కించినప్పుడు కర్టెన్ జరిపి చూసి, మళ్లీ మూసేసిన చేతులు ఆ నలుగురిలో చాలామందివి. ఆ కర్టెన్‌ను నీ కథలోకి తెచ్చావంటే ముసలావిడ బొమ్మ కాస్తా మనిషి అవుతుంది.

ఇంకో కిటుకు చెబుతాను. 2004లో రెండు సంగతులు బయటికి వచ్చాయి. వాషింగ్టన్‌లోని రిగ్స్ బ్యాంకులో పినోచెట్ రహస్యంగా డబ్బు దాచాడని అమెరికా సెనేట్ విచారణలో తేలింది. అదే ఏడాది చిలీ ప్రభుత్వం నియమించిన సంఘం ఆయన పాలనలో చిత్రహింసల పాలైన 27 వేల మందికి పైగా మనుషుల లెక్క ఇచ్చింది. హింస దేశం కోసమే అని సర్దుకున్న అభిమానుల్లో కొందరికి డాలర్ల దగ్గర గొంతు దిగలేదు. మనిషిని మాయం చేస్తే సిద్ధాంతం, సొమ్ము దాచుకుంటే దొంగతనం! నాకు ఈ లెక్క ఎప్పుడూ మింగుడు పడదు. నీ ముసలావిడ 2004లో ఆయన పటాన్ని ముందుగదిలోంచి తీసి బీరువాలో పెట్టిందనుకో. 2006 డిసెంబరు 10న బీరువా తెరిచి పటాన్ని మళ్లీ బయటికి తీయాలి, దుమ్ము తుడవాలి. కొవ్వొత్తి తరువాత వెలిగించుకోవచ్చు.

మన దగ్గర బద్ధశత్రువు పోయినా శవం లేచేదాకా నోరు మెదపరు. చచ్చినవాడి కళ్లు చారెడు అని నానుడి కూడా ఉంది. ఆ మర్యాదలో పెరిగిన నువ్వు వీధిలో గంతులు వేసేవాళ్లను చూసి లోపల ఎక్కడో ముడుచుకుపోయావు. కథలో అది కనిపిస్తోంది. సంబరం చేసుకునేవాళ్లకు నువ్వు రాసిన వాక్యాలన్నీ పెద్ద గొంతుతో ఉన్నాయి, అరుపులు, చప్పట్లు, మోతలు. ఏడుపుకు మాత్రం మెత్తని మాటలు ఏరి పెట్టావు. నరకుడు చచ్చాడని ఏటేటా దీపాలు పెట్టి టపాసులు కాల్చే జాతి మనది, మరీ అంత ముడుచుకుపోనక్కర్లేదు.

ఇక్కడ నీకు ఒక మనిషిని చూపిస్తాను. సైనిక పాఠశాలలో పినోచెట్ పార్థివదేహాన్ని ఉంచారు. సుమారు 60 వేల మంది వరుసకట్టి చూసి వెళ్లారని అప్పటి వార్తలు. ఆ వరుసలో అందరితో పాటు గంటల తరబడి నిలబడ్డాడు ఒకతను. పేరు ఫ్రాన్సిస్కో క్వాద్రాదో ప్రాట్స్. శవపేటిక దగ్గరికి రాగానే దాని అద్దం మీద ఉమ్మాడు. పినోచెట్ కంటే ముందు చిలీ సైన్యాధిపతిగా ఉన్న జనరల్ కార్లోస్ ప్రాట్స్‌కు మనవడు అతను. ఆ తాత తన తరువాత ఆ కుర్చీకి పినోచెట్ అయితే నమ్మకస్తుడు అనుకున్నాడు. 1974 సెప్టెంబరు 30న బ్యూనస్ ఎయిర్స్‌లో కారు బాంబు పెట్టి తాతనూ అమ్మమ్మనూ కలిపి చంపేసింది ఆ నమ్మకస్తుడి రహస్య పోలీసు విభాగం.

ఉమ్మడం గురించి అందరూ రాశారు. నువ్వు ఆ వరుస గురించి ఆలోచించు. ముందు కళ్లు తుడుచుకుంటున్నవాళ్లు, వెనక కళ్లు తుడుచుకుంటున్నవాళ్లు, మధ్యలో ఇతను. పక్కావిడ ‘ఎంత మంచి మనిషో’ అని ఉంటే ఏమని ఊకొట్టి ఉంటాడు? నా శీర్షికలో ఇతనికి చోటు లేదు. కన్నీటి వరుసలో నిలబడి ఉన్నాడు, పన్నీటికి రాలేదు. అంత్యక్రియల రోజున ఇంకో మనవడు, పినోచెట్ మనవడు, సైన్యంలో కెప్టెన్, మైకు ముందు నిలబడి తాతను పొగిడాడు. సైన్యం అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. ఇద్దరు మనవళ్లూ ఎదురెదురుగా చక్కగా అమరారు కదా అని మళ్లీ తక్కెడ పట్టుకోకు. ఒకడి తాత ఆసుపత్రి మంచం మీద పోయాడు.

ఆనాటి దేశాధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్. తండ్రి వైమానిక దళంలో జనరల్, పినోచెట్ జైల్లో హింసలు పడి 1974లో చనిపోయాడు. ఆవిడా తల్లీ కూడా నిర్బంధంలో ఉండి వచ్చారు. ఆవిడ అంత్యక్రియలకు వెళ్లలేదు. మాజీ సైన్యాధిపతిగా సైనిక లాంఛనాలు జరగనిచ్చింది. దేశాధ్యక్షుడికి చేసే మర్యాదలు చేయలేదు, జాతీయ సంతాపం ప్రకటించలేదు. ఆవిడను కథలోకి లాగవద్దు, నీ మేడ చాలు.

నువ్వు రాయని మూడో వాటా గురించి చెప్పి ముగిస్తాను. వీధిలోకీ ఆసుపత్రికీ వెళ్లనివాళ్లు ఉన్నారు. 1978 నవంబరులో లోంకెన్ అనే చోట సున్నపు బట్టీల్లో పదిహేను శవాలు బయటపడ్డాయి. దాంతో మిగతా చోట్ల పూడ్చినవాటిని తవ్వి తీసి సముద్రంలో పడేయమని, ఆనవాలు లేకుండా చేయమని సైన్యానికి ఆదేశాలు వెళ్లాయి. ఆ పనికి పెట్టుకున్న రహస్య పేరుకు అర్థం ‘టెలివిజన్ల తొలగింపు’. అటకామా ఎడారిలో కలామా ఊరి ఆడవాళ్లు పారలు పట్టుకుని ఏళ్ల తరబడి ఇసుకలో వెతికితే, చివరకు దొరికిన గుంటలో ఎముక ముక్కలే మిగిలాయి, శవాలను అంతకుముందే తరలించేశారు. 2023లో ప్రభుత్వం వెతుకులాటకు జాతీయ పథకం పెట్టేనాటికి లెక్కకు వచ్చిన మాయమైనవాళ్లు 1,469 మంది. వారిలో అవశేషాలు గుర్తుపట్టినది 307 మందివే.

మనవాళ్లకు ఇది ఎలా చెప్పాలో నీకు తెలుసు. తిథి తెలియని చావు. తద్దినం ఏ రోజు పెట్టాలి? అలాంటి ఇంట్లో ఒకామె, డిసెంబరు 10 మధ్యాహ్నం, రేడియోలో వింటుంది. పోయినవాడికి రోజు తెలుసు, గంట తెలుసు, నిమిషం కూడా తెలుసు. తన భర్తకు సంవత్సరం మాత్రం తెలుసు.

చిలీలో క్వెకా అని ఒక నాట్యం ఉంది. చేతిరుమాళ్లు ఊపుతూ ఆడా మగా జంటగా ఆడేది. పినోచెట్ ప్రభుత్వమే 1979లో దాన్ని జాతీయ నృత్యంగా ప్రకటించింది. అంతకు ముందు ఏడాదే, మాయమైనవాళ్ల కుటుంబాల ఆడవాళ్లు గుండె మీద భర్త ఫొటో పెట్టుకుని దాన్ని ఒంటరిగా ఆడడం మొదలుపెట్టారు. జత ఉండాల్సిన చోట ఖాళీ. వీధి నాట్యానికి నువ్వు ఒక పేజీ ఖర్చు చేశావు, ఆ పేజీ ఈమెకు ఇవ్వు. ఈమెను మెట్ల మీద ఎవరికీ కరచాలనం చేయనివ్వకు. చేయవలసిన పని ఈమెకు ఇంకా ఉంది.

చిల్లర దిద్దుబాట్లు. మొదట పెట్టిన నెరూడా పంక్తులు తీసెయ్యి. మన దగ్గర చిలీ అనగానే అందరికీ నెరూడాయే గుర్తొస్తాడు, సైనిక కుట్ర జరిగిన పన్నెండో రోజునే పోయిన ఆ కవిని ప్రతిసారీ గుమ్మంలో కాపలా పెట్టడం న్యాయం కాదు. నాలుగో పేజీలో అలెండీని 1973లో పేరు లేని సమాధిలో పెట్టారు, పినోచెట్ చితాభస్మాన్ని సమాధి కట్టకుండా కుటుంబం తన ఎస్టేటుకు తీసుకెళ్లింది అని పోల్చావు. నిజమే, చాలా అందంగా కూడా ఉంది. అందుకే కొట్టేశాను. నా పన్నీరు కూడా అందంగానే ఉండేది.

ఆ రాత్రి మరి ఏ శీర్షిక పెట్టి ఉండాల్సింది అని ఫోనులో అడుగుతావు, నాకు తెలుసు. చాలాసార్లు ఆలోచించాను. ‘శిక్ష పడకుండానే పినోచెట్ మృతి’. ప్రాస లేదు, టీ కూడా ఎవరూ తెప్పించేవారు కారు. రెండు కాలమ్‌లలో మాత్రం సరిగ్గా పట్టేది.

దిద్దిన ప్రతి దీనితోపాటే పంపుతున్నాను. పెన్సిలు గీతలు చెరిపేసి నీకు నచ్చినవి ఉంచుకో.

నీ
బాబాయ్