మార్కెట్ ఆర్డరు జోలికి పోకు

చిన్నీ,

షేర్లు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆవిడకి భయం. నాకు కాస్త గర్వం, కాస్త గుబులు. షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచావట, బ్యాంకు జతచేశావట. మంచిదే.

బోయిన్‌పల్లి కూరగాయల యార్డులో ఒక కుప్పకి పాట ఒకసారే. షేర్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో పొద్దున 9 నుంచి 9:15 దాకా జరిగేదీ అలాంటిదే: ఆర్డర్లన్నీ పోగేసి, ఎక్కువ షేర్లు చేతులు మారే ఒకే ధర తేలుస్తారు. ఆ తర్వాత మధ్యాహ్నం మూడు దాటేదాకా పాట ఆగదు. వచ్చిన ప్రతి ఆర్డరుకీ అవతలి వరసలో జోడీ ఉందేమో కంప్యూటరు అప్పటికప్పుడే వెతుకుతుంది. మంచి ధర చెప్పినవాడు ముందు. ధర ఒకటే అయితే ముందొచ్చినవాడు ముందు. ధర మార్చావా, కొత్త ధర దగ్గర వరస చివరికే. (1943లో పుట్టిన మన హైదరాబాద్ ఎక్స్ఛేంజీకి 2007లో గుర్తింపే పోయింది. ఇప్పుడు అందరికీ ముంబయి స్క్రీన్లే దిక్కు.)

నాకు నిద్రపట్టనివ్వనిది వేరే: మార్కెట్ ఆర్డరు, అంటే ధర ఎంతైనా సరే వెంటనే కొనమనో అమ్మమనో చెప్పడం. బేరాలు పల్చగా ఉండే చిన్న కంపెనీ షేరు ఒకటి తీసుకో. తెరమీద 119.80 ఉంది. అది అయిపోయిన బేరం ధర, నీకు ఇస్తామన్న ధర కాదు. అమ్మేవాళ్ళ వరస విప్పి చూడు: 120కి 100 షేర్లు, 121.50కి 150, 126కి 250. నువ్వు 500 షేర్లకి మార్కెట్ ఆర్డరు కొట్టావంటే మూడు మెట్లూ ఊడ్చుకుపోతుంది. సగటు 123.45. 59,900 అవుతుందనుకున్నది 61,725 అయింది. రెప్పపాటులో 1,825 రూపాయలు! అయ్యో అని వెంటనే అమ్మబోతే కొనేవాడు 119.50 దగ్గర కూర్చున్నాడు. మోసం ఎవరూ చేయలేదు తల్లీ, 'ఎంతైనా సరే' అన్నది నువ్వే. అదే 121కి మించి ఇవ్వనని లిమిట్ పెట్టుంటే 100 షేర్లు 120కే వచ్చేవి, మిగతా 400 కొనేవాళ్ళ వరసలో 121 దగ్గర నిలబడేవి. రాకపోతే రద్దు చేసుకో, కొంపేం మునగదు.

ధర పడితే తనంతట అమ్మకానికి పెట్టే స్టాప్ లాస్ ఆర్డరు ఉందిగా పెద్దనాన్నా అంటావు. 110 ట్రిగ్గర్ (ఆ ధర తగిలితే ఆర్డరు లేస్తుంది), 109 లిమిట్ (అంతకు తక్కువకి అమ్మదు) పెట్టావనుకో. ధర 112 నుంచి ఒక్కసారిగా 104కి జారితే ట్రిగ్గర్ పేలుతుంది, 109కి కొనేవాడే ఉండడు. షేర్లు నీ నెత్తినే. పైగా సాయంత్రానికి ఆ ఆర్డరు రద్దైపోతుంది. పొద్దున్నే మళ్ళీ పెట్టుకోవాలి.

అమ్మిన డబ్బు మర్నాటి పనిదినానికి లెక్క తేలుతుంది, అమ్మిన రోజే దాంతో అద్దె కట్టాలని పెట్టుకోకు.

మొదటి నెల పదేసి షేర్లే. 9:30 లోపు ముట్టుకోకు. ఆఫీసు మీటింగులో బల్లకింద ఫోన్ పెట్టి ఆర్డర్లు కొట్టావని తెలిస్తే ఊరుకోను. శనివారం రా, మార్కెట్ ఉండదు. ఆర్డరు ఫారంలో ఏ గడి దేనికో తీరిగ్గా చూద్దాం. పెద్దమ్మ పెసరట్లు వేస్తానంది.

మీ పెద్దనాన్న